పైథాన్ నేర్చుకొనేవారికి చేయూత : ఎర్రర్ సందేశాన్ని చదవడమే తొలి మెట్టు

(ప్రత్యేక వ్యాసం)

కంప్యూటర్ ప్రోగ్రామింగ్ పట్ల ఆసక్తి గల ఇంటర్మీడియట్, డిగ్రీ విద్యార్థినీ విద్యార్థులే కాక, ఉద్యోగులు, గృహిణులు, పదవీ విరమణ చేసినవారు సైతం నేడు పైథాన్ భాషను ఎంచుకొంటున్నారు. సి.బి.ఎస్.ఇ. 11, 12 తరగతుల కంప్యూటర్ సైన్సు పాఠ్యాంశాలలో ఈ భాష స్థానం పొందింది. ఇది ఉచితంగా లభిస్తుంది, సామాన్యమైన కంప్యూటరు మీద కూడా నడుస్తుంది, దీనిలోని వాక్యాలు సూటిగా ఉంటాయి. అయినప్పటికీ ఉత్సాహంతో మొదలుపెట్టిన వారిలో కొందరు తొలి వారాలలోనే విరమించుకోవడం కనిపిస్తున్నది. అనేక సందర్భాలలో వారిని వెనుకకు నెట్టేది పాఠం కాదు, తెరపై ఎర్ర అక్షరాలతో ప్రత్యక్షమయ్యే ఆంగ్ల సందేశం.

ఈ వ్యాసకర్త అన్నగారి కుమార్తె ఇంటర్మీడియట్ వరకు తెలుగు మాధ్యమంలో చదివి, డిగ్రీలో కంప్యూటర్ గ్రూపు తీసుకొన్నది. రెండవ నెలలో ఒకనాటి రాత్రి ఫోను చేసి, "బాబాయ్, ఈ గ్రూపు నాకు పడదు, మార్పించుకొంటాను" అన్నది. కారణం అడుగగా, తరగతిలో చెప్పినది చెప్పినట్లు రాసినా ఎర్రర్ వస్తున్నదని, మిగిలిన వారందరికీ వచ్చినది తనకు రావడం లేదని చెప్పి కన్నీరు పెట్టుకొన్నది. ఆ ఎర్రర్‌లో ఏమున్నదని ప్రశ్నిస్తే, "ఏదో ఇంగ్లీషులో ఉంది, చదవలేదు" అని సమాధానం. ఆమె సమస్య ఎలా తీరినదీ ముందు ముందు తెలియజేయగలము. ఆ "చదవలేదు" అన్న మాటే ఈ వ్యాసానికి ప్రేరణ.

పైథాన్‌ను నెదర్లాండ్స్ దేశానికి చెందిన గైడో వాన్ రోసమ్ రూపొందించారు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక గణిత, కంప్యూటర్ శాస్త్ర పరిశోధన సంస్థలో పనిచేస్తూ 1989 డిసెంబరులో ఆయన ఈ పని ప్రారంభించగా, 1991లో తొలి రూపం వెలువడింది. పేరు వినగానే కొండచిలువ గుర్తుకు రావడం సహజమే గాని, నిజానికి ఈ పేరు మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ హాస్య బృందం టెలివిజన్ కార్యక్రమం నుండి వచ్చినది. 2000లో రెండవ తరం, 2008 డిసెంబరులో మూడవ తరం విడుదలయ్యాయి. రెండవ తరానికి అధికారిక మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. ఈ చరిత్ర తెలిసి ఉండటం వల్ల ఒక ఆచరణాత్మక ప్రయోజనం ఉన్నది. పాత పుస్తకాలలో, సీనియర్లు ఇచ్చిన నోట్సులలో 'ప్రింట్' అన్న ఆదేశం తరువాత బ్రాకెట్లు కనిపించవు. రెండవ తరంలో అవి అవసరం లేదు, మూడవ తరంలో తప్పనిసరి. బ్రాకెట్లు లేక ఎర్రర్ వచ్చిన విద్యార్థి తన తెలివిని శంకించుకోనవసరం లేదు, పుస్తకం ముద్రించిన సంవత్సరాన్ని చూసుకొంటే చాలు.

ఎర్రర్ సందేశాన్ని చదవడంలో మొదటి సూత్రం, దానిని కింది నుండి పైకి చదవాలి. మనకు అలవాటైన పద్ధతికి ఇది విరుద్ధం కావడం వల్లనే తికమక కలుగుతున్నది. సందేశం పైభాగాన 'ట్రేస్‌బ్యాక్' అన్న మాట, దాని పక్కనే అత్యంత ఇటీవలి పిలుపు చివరన ఉన్నదని తెలిపే ఆంగ్ల వాక్యం ఉంటాయి. అనగా కంప్యూటరు ఏ దారిన వచ్చి ఎక్కడ ఆగిపోయినదో వరుసగా చెప్పి, అసలు సంగతిని ఆఖరి వరుసలో చెబుతుంది. ఆ ఆఖరి వరుసలో కోలన్‌కు ముందు తప్పు రకం, కోలన్ తరువాత వివరణ ఉంటాయి. దానికి పైన ఫైలు పేరు, వరుస సంఖ్య ఉంటాయి. రకం, వివరణ, వరుస సంఖ్య అనే ఈ మూడింటిని కాగితం మీద రాసుకొన్న తరువాతనే ప్రోగ్రామును ముట్టుకోవడం మంచిది. ఏమి తప్పో తెలియకుండా అక్కడక్కడ మార్చి చూస్తే ఒక తప్పు మూడు కావడం కద్దు.

ఇందులోని ఆంగ్లం పెద్ద ఆంగ్లమేమీ కాదు. అవే పదాలు మళ్లీ మళ్లీ వస్తాయి. 'ఎక్స్‌పెక్టెడ్' అని ఉంటే ఒకటి ఉండవలసిన చోట లేదని అర్థం. 'నాట్ డిఫైన్డ్' అంటే ఆ పేరు తనకు పరిచయం లేదని, 'ఇన్‌వ్యాలిడ్' అంటే చెల్లనిదని, 'అవుట్ ఆఫ్ రేంజ్' అంటే హద్దు దాటినదని, 'నాట్ కాలబుల్' అంటే ఆదేశంలా పిలవడానికి వీలులేనిదని భావం. తెలుగు మాధ్యమం నుండి వచ్చిన విద్యార్థి ఇటువంటి ఒక పాతిక మాటలను నోటు పుస్తకం చివరి పుటలో అర్థాలతో సహా రాసుకొంటే మొదటి సంవత్సరం చాలావరకు గడిచిపోతుంది.

పైగా ఈ సందేశాలు ఇటీవలి కాలంలో ఎంతో మెరుగుపడ్డాయి. పూర్వం షరతు వాక్యం చివర కోలన్ మరచిపోతే 'వాక్యనిర్మాణం చెల్లదు' అని మాత్రమే వచ్చేది. 2021 అక్టోబరులో వచ్చిన 3.10 నుండి ఇక్కడ కోలన్ ఉండవలసినదని స్పష్టంగా చెబుతున్నది. తెరచిన బ్రాకెట్‌ను మూయకపోతే వెనుకటి రూపాలు ఏ తప్పూ లేని తరువాతి వరుసను చూపించేవి. విద్యార్థి ఆ వరుసను గంటల తరబడి పరిశీలించి అలసిపోయేవాడు. ఇప్పుడు ఫలానా బ్రాకెట్ మూయలేదని సూటిగా తెలుపుతున్నది. 'ప్రింట్' అన్న మాటలో ఒక అక్షరం జారిపోతే, మీ ఉద్దేశం 'ప్రింట్' కాదా అని అడుగుతుంది. 2022లో వచ్చిన 3.11 వరుసలో ఏ భాగం వద్ద పొరపాటు జరిగినదో కింద గీత గీసి చూపుతున్నది. 2025 అక్టోబరులో విడుదలైన 3.14 'వైల్' వంటి భాషాపదాలలోని అక్షరదోషాన్ని కూడా పట్టి సరైన మాటను సూచిస్తున్నది. కనుక పాత రూపంతో తంటాలు పడుతున్నవారు వీలైతే కొత్త రూపాన్ని స్థాపించుకోవడం సగం సహాయంతో సమానం. ఇక్కడ ఒక మాట. 3.10 అన్నది 3.9 కంటె కొత్తది. దశాంశ లెక్కన చూసి 3.9 పెద్దదనుకొని దానినే దించుకొన్నవారిలో ఈ వ్యాసకర్త కూడా ఒకరు. బి.ఏ. చదివినవారికి ఇది క్షంతవ్యమే.

కొత్తవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టే మరొక అంశం వరుస మొదట వదిలే ఖాళీ స్థలం. అనేక ఇతర భాషలలో ఈ ఖాళీ కేవలం అందం కోసం కాగా, పైథాన్‌లో దానికి అర్థం ఉన్నది. ఒక షరతు కిందికి ఏ వరుసలు వస్తాయో ఆ ఖాళీయే నిర్ణయిస్తుంది. దరఖాస్తులో ఉపక్రమాంకాలను కొంచెం లోపలికి జరిపి రాసినట్లు దీనిని భావించవచ్చు. నాలుగు స్పేసుల చొప్పున వదలడం అందరూ పాటించే పద్ధతి. ఒక చోట స్పేసులు, మరొక చోట ట్యాబ్ వాడితే కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి గాని పైథాన్‌కు కనిపించవు. వాట్సాప్‌లో వచ్చిన ప్రోగ్రామును అతికించినప్పుడు ఈ ఖాళీలు చెదిరిపోవడం, ఉల్లేఖన చిహ్నాలు వంకర తిరిగినవిగా మారడం తరచు జరుగుతుంది. వర్డ్ వంటి సాఫ్ట్‌వేర్‌లో రాసి తెచ్చినా ఇదే బాధ. చెల్లని అక్షరం ఉన్నదని సందేశం వస్తే మొదట అనుమానించవలసినది ఈ వంకర చిహ్నాలనే.

ఇంతవరకు చెప్పినవి కంప్యూటరు తానే పట్టి చూపే తప్పులు. ఏ సందేశమూ ఇవ్వక, తప్పు సమాధానాన్ని ధైర్యంగా చూపించేవి అంతకంటె ప్రమాదకరమైనవి. కొంతకాలం క్రితం ఈ వ్యాసకర్త జిల్లా పత్రికలలో ప్రచురితమైన ప్రకటనల సంఖ్యను కూడేందుకు ఒక చిన్న ప్రోగ్రాము రాయడం జరిగింది. మొదటి వారం 25, రెండవ వారం 20 అని టైపు చేయగా మొత్తం 2520 అని వచ్చినది. ఎర్ర అక్షరం ఒక్కటి కూడా లేదు. సంఖ్యలు పెద్దవై ఉంటే ఆ లెక్క పై అధికారులకు నివేదికగా వెళ్లిపోయి ఉండేది.

కారణం సామాన్యమైనది. 'ఇన్‌పుట్' అనే ఆదేశం ద్వారా మనం టైపు చేసినది ఏదైనా పైథాన్ దానిని అక్షరాలుగానే తీసుకొంటుంది, సంఖ్యగా భావించదు. రెండు మాటలను కలిపితే పక్కపక్కన చేరినట్లు 25, 20 కలిసి 2520 అయినవి. 'ఇంట్' అనే ఆదేశంతో ముందుగా సంఖ్యగా మార్చితే 45 వస్తుంది. అక్షరాలకు నిజమైన సంఖ్యను కలపబోతే మాత్రం టైప్ ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది. ఈ రెండింటిలో ఆగిపోవడమే మేలని అనుభవం మీద చెప్పవలసి ఉన్నది.

మన దేశపు లెక్కల అలవాటు వల్ల కలిగే పొరపాటు ఒకటి ఉన్నది. లక్షా ఇరవై ఐదు వేలను మనం 1,25,000 అని రాస్తాము. ప్రోగ్రాములో అలాగే రాస్తే పైథాన్ దానిని ఒక సంఖ్యగా గాక 1, 25, 0 అనే మూడు వేరు వేరు సంఖ్యల గుచ్ఛంగా గ్రహిస్తుంది. అప్పుడు కూడా ఎర్రర్ రాదు. కామాలు తొలగించి 125000 అని గాని, 2016లో వచ్చిన 3.6 నుండి అనుమతిస్తున్న విధంగా 1_25_000 అని గాని రాయాలి. తేదీలు రాసేటప్పుడు 08 అని ముందు సున్నా పెట్టే అలవాటును కూడా విడిచిపెట్టాలి, ఆ సున్నా చెల్లదు. రూపాయలు, పైసల లెక్కలలో మరొక చిత్రం ఎదురవుతుంది. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 అని వస్తుంది. యంత్రం లోపల భిన్నాలను రెండు అంకెల పద్ధతిలో నిలువ చేయడం వలన కలిగే స్వల్ప తేడా ఇది. ఇతర భాషలలోనూ ఇది ఉన్నది. డబ్బు లెక్కలను పైసలలోకి మార్చి పూర్ణసంఖ్యలుగా చేసుకొంటే ఈ బెడద ఉండదు.

పైథాన్ జాబితాలను సున్నా నుండి లెక్కిస్తుంది. ఐదు పేర్లున్న జాబితాలో ఆఖరిది 4వ స్థానంలో ఉంటుంది, 5 అని అడిగితే హద్దు దాటినదని సందేశం వస్తుంది. 1 నుండి 10 వరకు అని 'రేంజ్' ఆదేశం ఇస్తే 9తోనే ఆగుతుంది. సమానం గుర్తు విషయంలో, ఒక = విలువను ఇవ్వడానికి, రెండు == పోల్చి చూడడానికి. అలాగే 'లిస్ట్', 'సమ్' వంటి పైథాన్ సొంత పేర్లను మన లెక్కలకు పెట్టుకొంటే అప్పటికి ఏమీ కాదు గాని, తరువాత అదే ఆదేశాన్ని వాడబోయినప్పుడు 'నాట్ కాలబుల్' అని మొరాయిస్తుంది. జాబితాను 'సార్ట్' ఆదేశంతో వరుసలో పెట్టి, ఆ ఫలితాన్ని తిరిగి అదే పేరుకు ఇచ్చేవారు జాబితా మొత్తం మాయమైనదని ఆందోళన చెందుతారు. ఆ ఆదేశం ఉన్న జాబితానే సర్దుతుంది, చేతికి మాత్రం 'నన్' అనే శూన్యాన్ని ఇస్తుంది. కొత్త మాడ్యూలు కోసం 'పిప్ ఇన్‌స్టాల్' అన్న ఆదేశాన్ని పైథాన్ లోపల గాక, విండోస్ కమాండ్ ప్రాంప్ట్ లేదా టెర్మినల్‌లో ఇవ్వాలి.

తెలుగువారికి ప్రత్యేకించిన విషయాలు కొన్ని ఉన్నవి. మూడవ తరం పైథాన్‌లో విలువలకు తెలుగులో పేరు పెట్టుకొనే వీలున్నది. 'మొత్తం', 'జీతం' అన్న పేర్లు నిరభ్యంతరంగా పనిచేస్తాయి. అయితే తెలుగు టైపు చేసేటప్పుడు పొల్లు అక్షరం పక్క అక్షరంతో కలిసిపోకుండా కంటికి కనిపించని ఒక విభజన చిహ్నాన్ని వాడుతుంటాము. ఈ వ్యాసంలో 'పైథాన్‌లో' అన్న ప్రతి చోటా అది ఉన్నది. పేరులో ఆ చిహ్నం చేరితే, ముద్రణకు రాని అక్షరం ఉన్నదని పైథాన్ అభ్యంతరం చెబుతుంది. తెర మీద ఎంత వెదికినా ఏమీ కనిపించదు. అటువంటప్పుడు ఆ పేరును చెరిపి వేరొక పేరు పెట్టుకోవడమే సులువు. తెలుగు అంకెల సంగతి మరింత విచిత్రం. ౨౫ అని టైపు చేసిన మాటను 'ఇంట్' ద్వారా మార్చితే చక్కగా 25 అవుతుంది, కానీ ప్రోగ్రాము వాక్యంలో సంఖ్యగా నేరుగా ౨౫ అని రాస్తే చెల్లదంటుంది. ఒక మాటలోని అక్షరాలను లెక్కించే 'లెన్' ఆదేశానికి 'తెలుగు' అన్న మాట ఇస్తే 6 అని చెబుతుంది. మనకు అవి మూడక్షరాలే. పైథాన్ మాత్రం త, ల, గ అనే మూడు హల్లులను, వాటి మీది మూడు గుణింతపు గుర్తులను విడివిడిగా లెక్కిస్తుంది. ఇది తప్పు కాదు, లెక్కించే పద్ధతిలో భేదం.

తెలుగు అక్షరాలున్న ఫైలును విండోస్ కంప్యూటరులో తెరచినప్పుడు గజిబిజి గుర్తులు రావడం గాని, యూనికోడ్ డీకోడ్ ఎర్రర్ రావడం గాని సర్వసాధారణం. 3.14 వరకు గల రూపాలు అక్కడ యంత్రం యొక్క పాత అక్షర పద్ధతినే అనుసరిస్తాయి. ఫైలును తెరిచే ఆదేశంలోనే ఎన్‌కోడింగ్ యు.టి.ఎఫ్-8 అని పేర్కొంటే తెలుగు తెలుగుగా వస్తుంది. ఫైలు కళ్లెదుట ఉన్నా దొరకలేదని సందేశం వస్తే, ప్రోగ్రాము ఏ ఫోల్డరు నుండి నడుస్తున్నదో, విండోస్ దాచిపెట్టిన ఫైలు పేరు తోక ఏమిటో చూసుకోవాలి.

ఇన్ని జాగ్రత్తలు పాటించినా చిక్కు విడనప్పుడు మరొకరిని అడగడంలో నామోషీ లేదు. అడిగే తీరు మాత్రం ముఖ్యం. "నా ప్రోగ్రాము పనిచేయడం లేదు, చూడండి" అన్న మాటతో ఎంతటి నిపుణుడైనా ఏమీ చేయలేడు. సెల్‌ఫోనుతో తెరను వంకరగా ఫొటో తీసి పంపడం మన విద్యార్థులలో ఎక్కువ. అందులో సగం సందర్భాలలో ఆఖరి వరుస, అంటే అసలు సంగతి ఉన్న వరుస, ఫొటోలోకి రాదు. ప్రోగ్రామును, ఎర్రర్ సందేశాన్ని మొత్తం అక్షరాల రూపంలోనే పంపాలి. ఏమి రావాలని ఆశించారో, ఏమి వచ్చినదో, పైథాన్ ఏ రూపమో, అప్పటికి ఏమేమి ప్రయత్నించారో నాలుగు వాక్యాలలో చెప్పాలి. రెండు వందల వరుసల ప్రోగ్రామైతే, తప్పు కనిపించే పది వరుసలు మిగిలేవరకు తగ్గించుకొంటూ రావాలి. అలా తగ్గించే క్రమంలోనే చాలామందికి తప్పు తామే దొరకబుచ్చుకొనే అవకాశం ఉన్నది.

వ్యాసారంభంలో ప్రస్తావించిన అమ్మాయి విషయంలో జరిగినది కూడా ఇంచుమించు ఇదే. ఈ వ్యాసకర్తకు పరిష్కారం తెలియకపోవడంతో, కార్యాలయంలో పనిచేసే కంప్యూటర్ ఆపరేటర్ గారిని ఫోనులో కలపడం జరిగింది. ఆయన ప్రోగ్రామును అడగలేదు. "అమ్మా, ఆ ఎర్రర్ మొత్తం పై నుండి కింది దాకా పైకి చదువు" అన్నారు. ఆమె తడబడుతూ, అక్షరం అక్షరం కూడబలుక్కొంటూ చదివినది. రెండవ ఫైలు పేరు దగ్గరకు వచ్చేసరికి తానే ఆగిపోయి, "ఇక్కడ మళ్లీ నా ఫైలు పేరే ఉందేమిటి" అని ప్రశ్నించినది. అంకెను ఊహించే ఆట కోసం పైథాన్‌లోని 'రాండమ్' అనే మాడ్యూలును ఆమె తెప్పించుకోవలసి ఉండగా, తాను రాసిన ఫైలుకు కూడా 'రాండమ్' అనే పేరు పెట్టుకొన్నది. పైథాన్ ముందుగా ఆ ఫోల్డరులోనే వెదుకుతుంది కనుక అసలు మాడ్యూలుకు బదులు ఆమె ఫైలునే తిరిగి తెరచినది. ఫైలు పేరు మార్చగానే ఆట నడిచినది. ఆమె రాసిన వరుసలలో ఒక్క అక్షరదోషం కూడా లేదు. 2024 అక్టోబరులో విడుదలైన 3.13 నుండి ఇటువంటి సందర్భంలో ఫైలు పేరు మార్చి చూడమని సందేశంలోనే సలహా వస్తున్నది. ఆ రోజు ఆమె కంప్యూటరులో ఉన్నది పాత రూపం. గ్రూపు మార్పు దరఖాస్తు అప్పటికే నింపి బల్ల మీద పెట్టుకొన్నదని తరువాత వదినగారి ద్వారా తెలిసినది.

ఇప్పుడు కృత్రిమ మేధ సహాయకులు ఫోనులోనే అందుబాటులో ఉన్నందున ఎర్రర్‌ను వాటికి ఇచ్చి సరిచేసిన ప్రోగ్రామును తీసుకోవడం పెరిగినది. వాటిని వాడవద్దని చెప్పడం సమంజసం కాదు, రాత్రి పదకొండు గంటలకు అడగడానికి మరొకరు లేని విద్యార్థికి అవి అండగా ఉంటాయి. అయితే మొదట పరిష్కారాన్ని అడగక, ఈ వరుసకు తెలుగులో అర్థం చెప్పమని అడగడం మంచిది. వచ్చిన జవాబును నడిపి చూడకుండా నమ్మరాదు, లేని ఆదేశాన్ని ఉన్నట్లు అవి చెప్పే సందర్భాలున్నవి. ప్రోగ్రాములోని ఒక్కొక్క వరుస నడిచినప్పుడు విలువలు ఎలా మారుతున్నవో బొమ్మగా చూపే పైథాన్ ట్యూటర్ అనే ఉచిత సాధనం కూడా ఉన్నది. అమెరికాలో ఆచార్యుడైన ఫిలిప్ గువో దీనిని రూపొందించారు. లూపులు అర్థంకాని వారికి ఇది మిక్కిలి ఉపయుక్తం.

క్రమబద్ధంగా నేర్చుకోదలచినవారికి కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన స్వయం వేదికలో ఎన్.పి.టి.ఇ.ఎల్. ద్వారా పైథాన్ పాఠ్యక్రమాలు నిర్వహించబడుతున్నవి. చేరడానికి, పాఠాలు వినడానికి రుసుము లేదు, ధ్రువపత్రం కోసం పరీక్ష రాసేవారు మాత్రమే రుసుము చెల్లించవలసి ఉంటుంది. పైథాన్‌తో పాటు స్థాపితమయ్యే ఐడిల్ అనే సాధనం అభ్యాసానికి సరిపోతుంది, వేరే ఏదీ కొనవలసిన పని లేదు. ఎంతకూ ఆగని లూపులో చిక్కుకొన్నప్పుడు కంప్యూటరును ఆపివేయనవసరం లేదు, కంట్రోల్ కీని నొక్కి పట్టుకొని సి అక్షరం కీని నొక్కితే ప్రోగ్రాము ఆగుతుంది. ఆగినప్పుడు మళ్లీ ఎర్ర అక్షరాలే వస్తాయి. వాటి ఆఖరి వరుసలో కీబోర్డ్ ఇంటరప్ట్ అని ఉంటుంది, అంటే ఆపినది మీరేనని అర్థం.